ఉద్దానం నీటి లెక్కల క్లౌడ్ ఖాతా: ఎవరికి ఎంత అనుమతి (ప్రాజెక్టు డైరీ)

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బోరు నీళ్ల పరీక్షల ఫలితాలు, కిడ్నీ జబ్బు ఉన్న కుటుంబాల రక్త పరీక్షల చీటీలు సేకరించే చిన్న స్వచ్ఛంద బృందం మాది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తిరుగుతాం. సేకరించినదంతా గూగుల్ క్లౌడ్‌లో, ముంబయి రీజియన్‌లో, ఒకే ప్రాజెక్టులో ఉండేది. అందులో ఎవరు ఏమి చూడవచ్చు, ఏమి మార్చవచ్చు అన్నది సరిచేసిన పని వివరాలు ఇవి. సహకార సంఘమో, కాలేజీ ల్యాబో, చిన్న ఆఫీసో ఇలాంటి ఖాతా నడుపుతుంటే ఈ అడుగులు యథాతథంగా వాడుకోండి. మేము ఆగిపోయిన చోట్ల మీరు ఆగనక్కర్లేదు.

ఇంత శ్రద్ధ ఎందుకో ఒక చీటీ చూస్తే తెలుస్తుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, కింద సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) విలువ, పక్కన ల్యాబ్ ముద్ర. ఆ అంకె పది మందికీ తెలిస్తే ఇంట్లో పిల్ల సంబంధం తప్పిపోతుందని భయపడే కుటుంబాలు ఉద్దానంలో ఉన్నాయి. వ్యక్తిగత డిజిటల్ సమాచారాన్ని కాపాడాలని 2023లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం లేకపోయినా ఆ చీటీని మా చేతిలో పెట్టిన మనిషికి మేము జవాబుదారులమే.

దశ 1: ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం

కావలసినవి: క్లౌడ్ షెల్ (బ్రౌజర్‌లోనే కమాండ్లు రాసే కిటికీ), జీక్లౌడ్ (గూగుల్ క్లౌడ్) కమాండ్లు, ఒక స్ప్రెడ్‌షీట్, మా ప్రాజెక్టుతో ఏ సంబంధమూ లేని ఒక జీమెయిల్ ఖాతా. ఈ చివరిది లేకుండా పని మొదలుపెట్టవద్దు. తలుపు మూసుకుందో లేదో బయటి మనిషి కంటితో చూస్తేనే తెలుస్తుంది.

1. ప్రాజెక్టు ఐఏఎం పాలసీ (ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే జాబితా) మొత్తాన్ని జేసన్ ఫైలుగా దింపి, తేదీ వేసి దాచాం. తర్వాత ఏది చెడినా వెనక్కి రావడానికి ఇదే ఆధారం.
2. ప్రతి బకెట్ (ఫైళ్లు దాచే చోటు) పాలసీ, ప్రతి బిగ్‌క్వెరీ (పట్టికల డేటాబేస్) డేటాసెట్ యాక్సెస్ జాబితా, ప్రతి సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రాంకు ఇచ్చే ఖాతా) పాలసీ విడివిడిగా దింపాం. ప్రాజెక్టు పాలసీలో ఇవి కనిపించవు. ప్రాజెక్టు పేజీ ఒక్కటే చూసి లెక్క పూర్తయిందనుకుంటే సగమే చూసినట్టు.
3. సర్వీస్ అకౌంట్లు, వాటి కీలు (ఆ ఖాతా పేరుతో లోపలికి వెళ్లనిచ్చే ఫైళ్లు), కీ పుట్టిన తేదీ రాశాం.
4. ప్రతి పేరు ఎదురుగా ఒకే ప్రశ్న: ఈయన ఈ ఖాతాలో చేసే పని ఏమిటి? జవాబు తెలియకపోతే ఆ గడిని ఖాళీగా వదిలాం. ఊహించి నింపలేదు.

మొదటి లెక్క:
- ఓనర్: 6 మంది
- ఎడిటర్: 9 మంది, రెండు సర్వీస్ అకౌంట్లు
- వ్యూయర్: 4
- సర్వీస్ అకౌంట్లు: 5, వాటి కీలు: 8
- బయటివారికి తెరిచి ఉన్న బకెట్లు: 1

రోల్ అంటే కొన్ని అనుమతుల మూట. ఓనర్, ఎడిటర్, వ్యూయర్ అనే మూడూ క్లౌడ్ తొలినాళ్ల నుంచి ఉన్న మోటు రోల్స్. ఒక్క ఎడిటర్‌లోనే వేల అనుమతులుంటాయి. ఫొటో ఎక్కించడానికి ఇచ్చిన ఎడిటర్‌తో డేటాబేస్‌నే చెరిపేయవచ్చు. మా తొమ్మిది మంది ఎడిటర్లలో ఆరుగురు డిగ్రీ విద్యార్థులు. వాళ్లు చేసే పనల్లా బోరు దగ్గర ఫొటో తీసి ఎక్కించడం.

తెరిచి ఉన్న ఆ ఒక్క బకెట్ చీటీల ఫొటోలదే. దాని పాలసీలో సభ్యుల గడిలో 'ఆల్ ఆథెంటికేటెడ్ యూజర్స్' అని ఉంది. దాన్ని చదివి 'మా బృందంలో లాగిన్ అయినవాళ్లు' అనుకునేవాళ్లు చాలామంది. అసలు సంగతి వేరు. ప్రపంచంలో గూగుల్ ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ అందులోకి వస్తారు. బయటి జీమెయిల్‌తో ఒక చీటీ లింకు తెరిస్తే పేరు, ఊరు, అంకె స్పష్టంగా కనిపించాయి.

ఇంతకుముందు ఎవరైనా చూశారా అని లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏమి చేశారో రాసే చిట్టాలు) వెతికాం. రెండు కారణాల వల్ల జవాబు దొరకలేదు. మొదటిది, స్టోరేజ్‌కు డేటా యాక్సెస్ లాగ్‌లు మనం ఆన్ చేస్తే తప్ప రాయబడవు. పాలసీ మార్పుల వంటి అడ్మిన్ పనుల లాగ్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది, 400 రోజులు నిలుస్తుంది. రెండోది ఇంకా గట్టిది: ఇలా అందరికీ తెరిచిన వాటిని ఎవరు చదివారన్నది లాగ్‌లు ఆన్‌లో ఉన్నా ఆడిట్‌లోకి ఎక్కదు. తెరిచిన తలుపు దగ్గర హాజరుపట్టీ ఉండదు. కాబట్టి దీన్ని 'ఎవరూ చూడలేదు' అని రాయలేదు, 'చూసి ఉండవచ్చు' అని రాశాం. మా బృందంలోని మాస్టారు ఆ మాట చదివి, ఆ కుటుంబాలకు స్వయంగా చెప్పాలన్నారు. చెప్పారు కూడా.

దశ 2: తెరిచి ఉన్న బకెట్‌ను మూయడం

1. బకెట్ పాలసీలోంచి ఆ సభ్యుడిని తీసేశాం.
2. రెండు నిమిషాలాగి బయటి ఖాతాతో చూశాం. చాలా చీటీలు మూసుకున్నాయి. కొన్ని ఇంకా తెరుచుకుంటున్నాయి.
3. తెరుచుకుంటున్నవి పాతవి. వాటిని ఎక్కించినప్పుడే ఒక్కో ఫైలుకు విడిగా ఏసీఎల్ (ఆ ఫైలును ఎవరు చూడవచ్చో చెప్పే జాబితా) రాసి, అందరికీ చదివే హక్కు ఇచ్చారు. బకెట్ పాలసీ మార్చితే ఫైలు ఏసీఎల్ మారదు.
4. బకెట్‌కు యూనిఫార్మ్ యాక్సెస్ ఆన్ చేశాం. దాంతో ఫైళ్ల మీది ఏసీఎల్‌లు చెల్లవు, బకెట్ పాలసీ ఒక్కటే చెల్లుతుంది. ఇది నచ్చకపోతే 90 రోజుల్లోగా వెనక్కి తిప్పవచ్చు, ఆ తర్వాత కుదరదు.
5. పైన పబ్లిక్ యాక్సెస్ ప్రివెన్షన్ కూడా పెట్టాం. ఇక ఎవరైనా తెలియక అందరికీ తెరవబోయినా ఒప్పుకోదు.

ఇంత చేసినా అయిదో నిమిషంలో రెండు ఫొటోలు తెరుచుకున్నాయి. కారణం క్యాష్. అందరికీ తెరిచిన ఫైలుకు మనం వేరే చెప్పకపోతే 3,600 సెకన్లు, అంటే గంటసేపు, దాచిన నకలు ఇచ్చే వీలుంటుంది. గంట దాటాక చూస్తే అవీ మూసుకున్నాయి. మీరూ మూసిన వెంటనే ఒకసారి, గంటకు మరోసారి చూడండి. నడిమధ్య కంగారుపడి సెట్టింగులు మార్చవద్దు.

దీనివల్ల చెడింది: మాస్టారు చీటీలు సరిచూసే పేజీలో బొమ్మల స్థానంలో ఖాళీ గళ్లు వచ్చాయి. ఆ పేజీ ఇన్నాళ్లూ బహిరంగ లింకుల మీదే నడిచింది. దాన్ని క్లౌడ్ రన్‌కు (యాప్‌లు నడిపే గూగుల్ సేవ) మార్చి, ప్రతి ఫొటోకు 15 నిమిషాలు మాత్రమే చెల్లే సంతకం లింకు ఇచ్చేలా రాశాం. ఇలాంటి లింకుకు గరిష్ఠ గడువు 7 రోజులు. చీటీ చూసి అంకె దిద్దడానికి పావుగంట చాలు.

మొదటి ప్రయత్నంలోనే 'సైన్‌బ్లాబ్ అనుమతి లేదు' అని, అంటే సంతకం చేసే అనుమతి లేదని వచ్చింది. కీ ఫైలు లేకుండా సంతకం చేయాలంటే సర్వీస్ అకౌంట్‌కు తన మీద తనకే టోకెన్ క్రియేటర్ రోల్ ఉండాలి. దాన్ని ఆ ఒక్క సర్వీస్ అకౌంట్ మీదే ఇవ్వండి. ప్రాజెక్టు మొత్తం మీద ఇస్తే అది మిగతా అన్ని సర్వీస్ అకౌంట్ల పేరుతోనూ టోకెన్లు (తాత్కాలిక గుర్తింపు పత్రాలు) తీయగలదు.

లెక్క: తెరిచి ఉన్న బకెట్లు 0. మిగతావి మారలేదు.

దశ 3: ప్రాజెక్టును విడగొట్టడం

నీళ్ల లెక్కలు అందరూ చూడాలి. చీటీలు ఇద్దరు ముగ్గురే చూడాలి. రెండూ ఒకే ప్రాజెక్టులో ఉంటే ఎంత జాగ్రత్తగా రోల్స్ ఇచ్చినా ఎక్కడో ఒక చోట కలుస్తాయి. అందుకే మూడు చేశాం: నీరు, ఆరోగ్యం, ప్రయోగం.

ఖాతా అప్పటిదాకా ఒక పూర్వ విద్యార్థి సొంత జీమెయిల్ కింద ఉండేది. పైన ఆర్గనైజేషన్ (ప్రాజెక్టులన్నిటినీ ఒక సంస్థ కిందికి తెచ్చే పై మెట్టు) లేదు కాబట్టి ఫోల్డర్లు లేవు, అందరికీ వర్తించే కట్టడులూ లేవు. డొమైన్ కొని, అది మాదేనని చూపడానికి దాని డీఎన్‌ఎస్‌లో టెక్స్ట్ రికార్డు పెట్టి, క్లౌడ్ ఐడెంటిటీ (ఖాతాలు, గ్రూపులు నడిపే గూగుల్ సేవ) ఉచిత ఎడిషన్ తీసుకున్నాం. మా సంఖ్యకు అది చాలు. తర్వాత పాత ప్రాజెక్టును ఆర్గనైజేషన్ కిందికి జరిపాం. జరిపినంత మాత్రాన అనుమతులు శుభ్రం కావు. పాత పాలసీ యథాతథంగా వెంట వస్తుంది, ఆరుగురు ఓనర్లూ ఓనర్లుగానే వచ్చారు. ఒకసారి లోపలికి జరిపితే తిరిగి బయటికి తేవడం కూడా తేలిక కాదు. ముందు ప్రయోగం ప్రాజెక్టును జరిపి చూసుకోండి.

బకెట్‌ను ఒక ప్రాజెక్టులోంచి మరోదానిలోకి జరపడం కుదరదు. కొత్త బకెట్ చేసి నకలు తీయాలి. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు, చెక్‌సమ్‌లు (ఫైలు లోపల ఏమీ మారలేదని చూపే అంకెలు) రెండు వైపులా కలిసేదాకా పాతదాన్ని చెరపలేదు.

ఇక్కడే ఒక అడ్డంకి వచ్చింది, దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. ల్యాబ్ బృందానికి నీళ్ల డేటా చదివే రోల్‌ను ఫోల్డర్ స్థాయిలో ఇచ్చాం, ప్రతి ప్రాజెక్టులో విడిగా ఇచ్చే శ్రమ తప్పుతుందని. మర్నాడు ఆరోగ్యం డేటాసెట్‌ను ల్యాబ్ ఖాతాతో తెరిచి చూస్తే తెరుచుకుంది. ఆరోగ్యం ప్రాజెక్టులోకి వెళ్లి తీసేద్దామంటే అక్కడ తీయడానికి ఏమీ లేదు. పైనుంచి వచ్చిందని మాత్రం చూపుతోంది. వీధి తలుపు తాళంచెవి ఇచ్చేసి లోపలి గదికి గడియ లేదని వెతికినట్టయింది. ఐఏఎంలో పైన ఇచ్చింది కింద తగ్గదు, కలుస్తూ పోతుంది. ఆర్గనైజేషన్, ఫోల్డర్, ప్రాజెక్టు, బకెట్ అనే నాలుగు మెట్లలో ఏ మెట్టు మీద ఇచ్చినా దాని కింది వాటన్నిటికీ వర్తిస్తుంది. డెనై పాలసీ రాసి ఆపే మార్గం ఉంది. కానీ ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో ఆపుతూ పోతే ఆరు నెలల తర్వాత వచ్చినవాళ్లకు అర్థం కాదు. ఫోల్డర్ మీది రోల్ తీసేసి, నీరు డేటాసెట్ మీద మాత్రమే ఇచ్చాం. అప్పటి నుంచి మా నియమం: రోల్‌ను ఎంత కింది మెట్టు మీద ఇవ్వగలమో అంత కిందే ఇవ్వాలి.

2024 మే తర్వాత పుట్టిన ఆర్గనైజేషన్లకు కొన్ని కట్టడులు ముందే ఆన్‌లో ఉంటాయి. సర్వీస్ అకౌంట్ కీలు కొత్తగా చేయనివ్వదు. బయటి డొమైన్ ఖాతాలకు రోల్ ఇవ్వనివ్వదు. మాతో పనిచేసే డాక్టరు గారి సొంత జీమెయిల్‌కు చిన్న రోల్ ఇవ్వబోతే ఆర్గనైజేషన్ పాలసీ ఒప్పుకోదని వచ్చింది. కట్టడి సడలించడం ఒక నిమిషం పని. సడలించలేదు. ఆయనకు మా డొమైన్‌లోనే ఖాతా తెరిచాం. ఇంకో సందు ఉంది, అదీ మూయండి: మన డొమైన్ గ్రూపులో బయటి జీమెయిల్‌ను చేర్చితే ఆ కట్టడి పట్టుకోదు, అది గ్రూపు డొమైన్‌నే చూస్తుంది. గ్రూపుల్లో బయటి సభ్యులను చేర్చకుండా అడ్మిన్ సెట్టింగుల్లో ఆపాం.

దశ 4: మనిషికి కాదు, పనికి రోల్

విద్యార్థుల నుంచి మొదలుపెట్టాం. వాళ్లకు ఏ రోల్ తగినదో అని స్టోరేజ్ రోల్స్ జాబితా ముందు పెట్టుకుని చూస్తే, అసలు వాళ్లకు క్లౌడ్ రోల్ ఏదీ అవసరం లేదని తేలింది. ఫోన్‌లో ఫారం తెరిచి ఫొటో పంపుతారు. ఎక్కించే పని యాప్‌ది. యాప్ సర్వీస్ అకౌంట్‌కు స్టోరేజ్ ఆబ్జెక్ట్ క్రియేటర్ ఇచ్చి, ఆరుగురి ఎడిటర్ తీసేశాం. ఈ మొత్తం ప్రాజెక్టులో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ భద్రత వచ్చిన మార్పు ఇది.

ఆ సాయంత్రమే వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఫొటోలు పోవడం లేదని ఫోన్లు వచ్చాయి. మిగతా చోట్ల బాగానే పోతున్నాయి. తీరం వెంట సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మొదటిసారి ఫొటో చేరినా 'చేరింది' అన్న జవాబు ఫోన్‌కు అందదు, ఫోన్ అదే పేరుతో మళ్లీ పంపుతుంది. ఆబ్జెక్ట్ క్రియేటర్ కొత్త ఫైలు పెట్టగలదు గానీ ఉన్నదాని మీద రాయలేదు, దానికి చెరిపే అనుమతి కూడా కావాలి. అందుకే 403, అంటే అనుమతి లేదన్న జవాబు. చెరిపే అనుమతి కలిపితే సమస్య వెంటనే పోతుంది. కానీ క్షేత్రం నుంచి వచ్చిన ఫొటో ఎప్పటికీ చెరగకూడదన్నదే మా ఉద్దేశం. కాబట్టి పేరు మార్చాం: బోరు నంబరు, సమయం, చివర యాదృచ్ఛిక అక్షరాలు కలిపి ప్రతి పంపకానికీ వేరే పేరు. రెండుసార్లు వచ్చిన ఫొటోలను రాత్రిపూట నడిచే పని చెక్‌సమ్ చూసి వేరు చేస్తుంది.

తర్వాత మాస్టారు. ఆయన రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం), ఫ్లోరైడ్, సిలికా అంకెలను ఊరివారీగా పోల్చి చూడటం ఆయన పని. నీరు డేటాసెట్ మీద బిగ్‌క్వెరీ డేటా వ్యూయర్ ఇచ్చాం. పొద్దున్నే ఫోన్.

"బాబూ, పట్టికలు కనిపిస్తున్నాయి. ప్రశ్న వేస్తే మాత్రం కాదంటోంది."

"ఎర్ర అక్షరాల్లో చివరి మాట చదవండి మాస్టారూ."

"జాబ్స్ డాట్ క్రియేట్ అని ఉంది."

డేటా చదవడం ఒక అనుమతి, క్వెరీ నడపడం మరొకటి. క్వెరీ నడిపితే ప్రాజెక్టుకు బిల్లు పడుతుంది కాబట్టి దాన్ని ప్రాజెక్టు స్థాయిలో విడిగా ఇవ్వాలి: బిగ్‌క్వెరీ జాబ్ యూజర్. ఈ రెండూ జంట. ఒకటి ఇస్తే రెండోది ఇచ్చారో లేదో చూసుకోండి.

ఎర్ర అక్షరాల సందేశంలో లేని అనుమతి పేరు ఉంటుంది. ముందు దాన్ని రాసుకుని, ఆ అనుమతి ఉన్న అతి చిన్న రోల్ ఏదో వెతకాలి. సందేశం అర్థం కాకపోతే పాలసీ ట్రబుల్‌షూటర్‌లో ఈమెయిల్, వనరు పేరు, అనుమతి పేరు ఇస్తే ఎక్కడ ఆగిందో చెబుతుంది.

ఇంకో కొలత. నేరుగా ఇచ్చిన రోల్ మాకు రెండు మూడు నిమిషాల్లో పనిచేసింది, ఒక్కోసారి ఏడెనిమిది పట్టింది. గ్రూపులో మనిషిని చేర్చినప్పుడు అంతకన్నా ఎక్కువ, ఒకసారి ముప్పావుగంట. ఈలోగా పనిచేయలేదని మరో రోల్, ఇంకో రోల్ ఇస్తూ పోతే కాసేపటికి అన్నీ ఒకేసారి పనిచేస్తాయి, నిజంగా ఏది అవసరమైందో ఎప్పటికీ తెలియదు. ఒకటి ఇవ్వండి, ఆగండి, చూడండి.

ఆరోగ్యం ప్రాజెక్టులో మాస్టారుకు ఏ రోల్ లేదు. కానీ ఏ ఊళ్లో ఎన్ని కేసులో తెలియకపోతే నీళ్ల అంకెలకు అర్థం లేదు. ఊరు, కేసుల సంఖ్య మాత్రమే చూపే ఆథరైజ్డ్ వ్యూ (మూల పట్టికలో కొంత భాగాన్నే చూపే పట్టిక) ఒకటి నీరు ప్రాజెక్టులో పెట్టాం. మూల డేటాసెట్ ఆ వ్యూను నమ్ముతుంది, వ్యూ చూసే మనిషికి మూలంలో ఏ హక్కూ అక్కర్లేదు. 5 కన్నా తక్కువ కేసులున్న ఊరికి సంఖ్య చూపదు, చిన్న ఊళ్లో సంఖ్య చెబితే మనిషిని చెప్పినట్టే.

గ్రూపులు చివరికి ఇలా నిలిచాయి:
- ల్యాబ్: నీరు డేటాసెట్ మీద చదవడం, రాయడం, క్వెరీ నడపడం
- విశ్లేషణ: నీరు చదవడం, వ్యూ చూడటం, క్వెరీ నడపడం
- వైద్యం: ఆరోగ్యం ప్రాజెక్టులో చీటీలు చూడటం, అంకెలు దిద్దడం
- నిర్వహణ: యాప్ నడపడం, చీటీలు చదివే హక్కు లేదు

చివరి వరుస మీద వాదన జరిగింది. యాప్ నడిపేవాడికి అన్నీ కనిపించాలని విశాఖపట్నంలో ఉండే మా డెవలపర్ అభిప్రాయం. లోపం వచ్చిందంటే ప్రయోగం ప్రాజెక్టులో కల్పిత చీటీలతో వెతుకుదామన్నాను. ఇప్పటిదాకా అసలు చీటీ తెరవాల్సిన అవసరం రాలేదు.

లెక్క: ఓనర్ 6, ఎడిటర్ 3 మంది, రెండు సర్వీస్ అకౌంట్లు, వ్యూయర్ 0, కీలు 8.

దశ 5: సర్వీస్ అకౌంట్లు, కీలు

కీ అంటే ఒక ఫైలు. ఎవరి దగ్గరుంటే వారే ఆ సర్వీస్ అకౌంట్. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు, మామూలుగా గడువూ ఉండదు. మా ఎనిమిదిలో ల్యాబ్ ల్యాప్‌టాప్‌లో 1, వర్చువల్ మెషీన్‌లో (క్లౌడ్‌లో నడిచే మా కంప్యూటర్) 1, డెవలపర్ దగ్గర 2, బోరు నీటిమట్టం కొలిచే డేటా లాగర్‌లో 1. మిగతా 3 ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

1. కీని నేరుగా చెరపవద్దు. ముందు డిసేబుల్ చేయండి, తిరిగి ఎనేబుల్ చేసే వీలుంటుంది.
2. ఆడిట్ లాగ్‌లో కీ పేరుతో వెతికి ఎవరు వాడుతున్నారో చూడండి.
3. నెల గడిచినా ఎవరూ అడగకపోతే చెరపండి.

తెలియని మూడూ అలా పోయాయి. వాటిని ఎవరూ అడగలేదు.

వర్చువల్ మెషీన్ కీ తీసేశాక రాత్రి పని ఆగింది. దానికి విడిగా సర్వీస్ అకౌంట్ చేసి, బకెట్ మీద రాసే రోల్ ఇచ్చి, మెషీన్‌ను ఆపి (ఆపకుండా సర్వీస్ అకౌంట్ మార్చలేం) తగిలించి నడిపితే మళ్లీ 403. ట్రబుల్‌షూటర్ మాత్రం అనుమతి ఉందంటోంది. చాలాసేపు ఇక్కడే ఇరుక్కున్నాం. కారణం యాక్సెస్ స్కోప్స్, అంటే రోల్స్ కాక మెషీన్‌కే విడిగా ఉండే హద్దులు. మెషీన్‌కు మామూలుగా వచ్చే స్కోపుల్లో స్టోరేజ్ చదవడమే ఉంటుంది. రోల్, స్కోప్ రెండూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. ఇన్నాళ్లూ కీ ఫైలుతో నడిచింది కాబట్టి స్కోపుల ఊసే రాలేదు. స్కోపును 'క్లౌడ్ ప్లాట్‌ఫాం' అని పూర్తిగా తెరిచి, హద్దులన్నీ రోల్స్‌తోనే పెట్టాం.

మెషీన్‌కు మొదటి నుంచీ తగిలి ఉన్న డిఫాల్ట్ కంప్యూట్ సర్వీస్ అకౌంట్‌కు ఎడిటర్ ఉండేది. పాత ప్రాజెక్టుల్లో అది దానంతటదే వస్తుంది. కాబట్టి మెషీన్‌లోకి లాగిన్ కాగలిగినవాడికల్లా ఎడిటర్ దగ్గరిదాకా దారి ఉన్నట్టే. ఆ రోల్ తీసేసి, ఆ అకౌంట్‌ను డిసేబుల్ చేశాం.

డెవలపర్ కీలు రెండూ తీసి, క్లౌడ్ రన్ డెవలపర్ రోల్ ఇచ్చాం. కొత్త కూర్పు ఎక్కించబోతే 'యాక్ట్‌యాజ్' అనుమతి లేదని ఆగింది. యాప్ ఏ సర్వీస్ అకౌంట్ పేరుతో నడుస్తుందో, దాని మీద సర్వీస్ అకౌంట్ యూజర్ రోల్ కావాలి. ఇంటర్నెట్‌లో ఎక్కువమంది దీన్ని ప్రాజెక్టు మీద ఇచ్చేయమంటారు. ఇవ్వవద్దు. ప్రాజెక్టు మీద ఇస్తే అందులోని ఏ సర్వీస్ అకౌంట్ పేరుతోనైనా ప్రోగ్రాం నడపవచ్చు. వాటిలో ఒక్కదానికి ఎడిటర్ ఉన్నా అతనికి ఎడిటర్ ఉన్నట్టే. రెండు సర్వీస్ అకౌంట్ల మీద విడివిడిగా ఇచ్చాం.

ల్యాబ్ ల్యాప్‌టాప్ రోజూ రాత్రి తనంతట తాను ఫలితాలు పంపేది. కీ లేకుండా మనిషి ప్రమేయం లేని పంపకం కుదిర్చే మార్గాలు ఉన్నాయి, మా ల్యాబ్‌కు అవి బరువు. ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి సాయంత్రం వెళ్లేముందు యాప్ పేజీలో తన ఖాతాతో ఫైలు ఎక్కిస్తుంది. పంపేముందు ఒకసారి చూస్తున్నందువల్ల దశాంశ బిందువు తప్పిన ఫ్లోరైడ్ అంకెలు అక్కడే దొరుకుతున్నాయి.

లెక్క: కీలు 1 (లాగర్‌ది), వాడుకలో సర్వీస్ అకౌంట్లు 4, ఎడిటర్ ఉన్న సర్వీస్ అకౌంట్లు 0, ఎడిటర్ ఉన్న మనుషులు 0.

దశ 6: గడువున్న అనుమతులు

వైద్య శిబిరానికి బయటి నుంచి వచ్చే డాక్టర్లకు ఆ ఒక్కరోజు చీటీలు చూసే వీలుండాలి. శిబిరం కోసం మా డొమైన్‌లో ఉంచిన ఖాతాకు ఐఏఎం కండిషన్‌తో గడువు పెట్టాం. సమయం చివర జెడ్ అక్షరం ఉంటే దాన్ని యూటీసీగా (మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) తీసుకుంటుంది. సాయంత్రం 6 గంటలకు ముగియాలని 18:00 అని, చివర జెడ్ పెట్టి రాస్తే మన సమయం రాత్రి 11:30 దాకా తెరిచి ఉంది. మన సాయంత్రం 6 అంటే యూటీసీ 12:30. ఇప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో మన సమయం రాస్తే అయిదున్నర గంటలు తీసి అదే రాసిస్తుంది.

ఓనర్, ఎడిటర్, వ్యూయర్ రోల్స్‌కు కండిషన్ పెట్టడం కుదరదు. గడువు తీరిన వరుస పనిచేయదు గానీ పాలసీలో అలాగే ఉంటుంది, శిబిరం మర్నాడు తీసేస్తాం.

దశ 7: ఓనర్లు

ఇది కమాండ్లతో తేలే పని కాదు. పాత ప్రాజెక్టు ఓనర్లు వీళ్లు: మాస్టారు, డాక్టరు గారు, దాత, లెక్కలు చూసే ఆయన, ఖాతా తెరిచిన పూర్వ విద్యార్థి, నేను. పని పుట్టించినవాళ్ల పేరు ఎదురుగా ఉన్న ఓనర్ అన్న మాట తీసేయడమంటే పక్కన పెట్టారని అనిపించడం సహజం. అందుకే ఎవరిదీ చెప్పకుండా తీయలేదు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి వారి ఖాతాలో 90 రోజుల్లో నిజంగా వాడిన అనుమతుల జాబితా చూపించాం. ఐఏఎం రికమెండర్ ఇది ఇస్తుంది. డాక్టరు గారు వాడినవి మొత్తం ఫొటో చూడటానికి సంబంధించినవే.

దాత మొదట ఒప్పుకోలేదు. "డబ్బు నాది, నేను చూడకూడదా?" అన్నారు. ఏమి చూడాలని అడిగితే, నెలనెలా బిల్లు ఎంతో, దేనికో చూడాలన్నారు. దానికి బిల్లింగ్ అకౌంట్ వ్యూయర్ అనే రోల్ ఉంది. ఓనర్‌గా ఉన్నప్పుడు కూడా ఆయనకు బిల్లు ఆ వివరంగా కనిపించలేదు, బిల్లింగ్ అకౌంట్ అనుమతులు వేరుగా ఉంటాయి కాబట్టి. ఇప్పుడు కనిపిస్తోంది. లెక్కలు చూసే ఆయనకూ అదే రోల్.

మాస్టారు అడిగింది వేరు: "అందరివీ తీసేస్తే, రేపు నీకేమైనా అయితే?" న్యాయమైన ప్రశ్న. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటప్పుడు ఎస్సెమ్మెస్ ఓటీపీ మీద ఆధారపడిన ఖాతా ఉన్నా లేనట్టే. కాబట్టి రెండు అత్యవసర ఖాతాలు చేశాం.

1. రెండూ ఏ మనిషి పేరుతోనూ లేవు, రోజువారీ పనికి వాడరు.
2. ఒక్కోదానికి రెండేసి భద్రతా కీలు (కంప్యూటర్ పోర్టుకు గుచ్చే చిన్న పరికరాలు, సర్వీస్ అకౌంట్ కీలు కావు), ఫోన్ నంబరు లేదు. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద.
3. ఒక ఖాతా కవరు ల్యాబ్ బీరువాలో, మరోటి శ్రీకాకుళంలో వేరే ఇంట్లో.
4. వీటితో ఎవరు లాగిన్ అయినా నిర్వహణ గ్రూపుకు మెయిల్ వస్తుంది.
5. మూడు నెలలకోసారి ఒకరు కవరు తెరిచి, లాగిన్ అయి చూసి, మళ్లీ సీలు వేస్తారు.

మొదటి పరీక్షలో ఒక భద్రతా కీ ల్యాబ్ పాత కంప్యూటర్‌కు సరిపోలేదు, పోర్టు వేరు. అడాప్టర్ కొని కవరులోనే పెట్టాం.

లెక్క: ఓనర్ 2 (అత్యవసర ఖాతాలు), ఎడిటర్ 0, వ్యూయర్ 0, కీలు 1, తెరిచి ఉన్న బకెట్లు 0.

ఇప్పుడు నడుస్తున్నవి, మిగిలినవి

ఆరోగ్యం ప్రాజెక్టులో స్టోరేజ్ డేటా యాక్సెస్ లాగ్‌లు ఆన్ చేశాం. బిల్లు పెరుగుతుందన్న భయం ఉండేది. ప్రాజెక్టుకు నెలకు 50 జీబీ దాకా లాగ్‌లు ఉచితం, మాకు 1 జీబీ కూడా రావడం లేదు. ఫలానా చీటీని ఎవరు ఎప్పుడు తెరిచారో ఇప్పుడు చెప్పగలం. ఈ లాగ్‌లు మామూలుగా 30 రోజులే ఉంటాయి, ఏడాదికి పెంచాం.

రెండో శనివారం పాలసీ ఫైళ్లు మళ్లీ దింపి, గత నెల ఫైళ్లతో పోల్చి, తేడా ఉన్న ప్రతి వరుసకు కారణం రాస్తున్నాం. ఒకసారి నేనూ డెవలపరూ ఒకే సమయంలో పాలసీ మార్చబోతే రెండోవారి మార్పును ఈట్యాగ్ (పాలసీ ఏ కూర్పో చెప్పే గుర్తు) కలవలేదని తిరస్కరించింది. ఫైలు మొత్తం తిరిగి రాసే పద్ధతిలో ఈట్యాగ్ గడిని చెరపవద్దు, అది లేకపోతే ఒకరి మార్పు మీద మరొకరిది పడిపోతుంది.

మిగిలింది లాగర్ కీ. ఆ పరికరంలోని ప్రోగ్రాం మార్చాలంటే మందస దగ్గర జీడితోటలో ఉన్న బోరు దగ్గరికి వెళ్లి పెట్టె విప్పాలి. అప్పటిదాకా దాని సర్వీస్ అకౌంట్‌కు ఒకే బకెట్‌లో కొత్త ఫైలు పెట్టే రోల్ తప్ప ఇంకేమీ లేదు. ఆ బకెట్‌లో నీటిమట్టం అంకెలే ఉంటాయి. వానలు మొదలయ్యేలోగా మార్చాలని రాసుకున్నాం.